మోల్డింగ్ మెషిన్ స్క్రూకి ఏ పూత మేలు? అనంతపురం షెడ్లకు పోలిక, ఎంపిక సలహా

"నైట్రైడింగ్ సరిపోతుందా, క్రోమ్ వేయించాలా, బైమెటాలిక్‌కి పోవాలా?" ఇంజెక్షన్ మోల్డింగ్ షెడ్డు నడిపే ప్రతి ఓనరుకీ, వేడి బ్యారెల్ గొట్టంలో తిరుగుతూ ప్లాస్టిక్‌ని కరిగించి ముందుకు నెట్టే స్క్రూ అరిగినప్పుడు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. సాధారణంగా ఆ రోజు మెషిన్ ఆగిపోయి ఉంటుంది. ఆర్డరు నెత్తిమీద ఉంటుంది. బెంగళూరు పీణ్య నుంచి ఒకరు ఒక రేటు చెబుతారు, హైదరాబాద్ చర్లపల్లి నుంచి మరొకరు ఇంకో రేటు చెబుతారు. ఆ టెన్షన్‌లో చేతికందిన కొటేషన్‌కి సరే అనేస్తారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రేటు చూసేముందు రెండు సంగతులు చూడండి: హాపర్‌లో (మెషిన్ పైనుండే గరాటులో) పోసే దానాలో, అంటే ప్లాస్టిక్ గింజల్లో, ఏముంది, బయటికి తీసిన పాత స్క్రూ ఎక్కడ ఎలా అరిగింది. ఈ రెండూ తెలిస్తే ఏ పూత కావాలో చాలావరకు తేలిపోతుంది. తెలియకుండా కొంటే ఎంత ఖరీదైన పూతయినా బూడిదలో పోసిన పన్నీరే.

మన దగ్గర పనులు కూడా ఒకే రకం కావు. అనంతపురంలో వాన తక్కువ, బోరు నీటి బొట్టు బొట్టుకీ లెక్క. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం మొదలైనప్పటి నుంచి చీనీ, దానిమ్మ, అరటి తోటల్లో డ్రిప్ పరుచుకుంటూ వచ్చింది. దాని వెంటే జాయినర్లు, టేకాఫ్‌లు, ఎండ్ క్యాప్‌లు, ఫిల్టర్ గిన్నెలు తీసే పని వచ్చింది. నంద్యాల వైపు పీవీసీ పైపులు, ఫిట్టింగుల పని ఉంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ప్లాంటు 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక గాజుపీచు కలిపిన నైలాన్ భాగాల మాట కూడా ఈ చుట్టుపక్కల వినిపిస్తోంది. ఈ మూడు పనులూ స్క్రూని మూడు రకాలుగా తింటాయి. పక్క షెడ్డులో బాగా నడిచిన స్క్రూ మన షెడ్డులో ఏడాది తిరక్కుండానే పోవడానికి కారణం అదే.

స్క్రూని తినేది ఏది?

స్క్రూ అరగడానికి మూడు దారులు. మొదటిది రాపిడి, అంటే దానాలోని గట్టి రేణువులు లోహాన్ని గీసుకుంటూ పోవడం. రెండోది, స్క్రూ అంచు బ్యారెల్ గోడకు తగిలి లోహం లోహంతో రాసుకోవడం. మూడోది ఆమ్లం. పీవీసీ మాడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా వస్తుంది. మంట అంటుకోకుండా కలిపే కొన్ని హాలోజన్ మసాలాలూ వేడి ఎక్కువైతే ఇలాంటి ఆమ్లాలే వదులుతాయి.

రాపిడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన ప్రాంతంలో నష్టం ఎక్కువగా అక్కడే. గట్టిదనం కొలిచే విక్కర్స్ లెక్కలో మంచి నైట్రైడింగ్ (నైట్రోజన్ ఇంకించి ఉక్కుని గట్టిపరిచే పద్ధతి) పైపొర 900 నుంచి 1000 దాకా ఉంటుంది. గాజుపీచు 600 చుట్టూ ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 1100 చుట్టూ ఉంటుంది. అంటే ఎర్రమట్టిలోని ఇసుక రేణువు నైట్రైడ్ చేసిన స్క్రూ కంటే గట్టిది. పొలంలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత డ్రిప్ లాటరల్ పైపు స్క్రాప్‌గా వచ్చి, సరిగా కడగకుండా గ్రైండర్‌లో ముక్కలై, మళ్లీ హాపర్‌లోకి వస్తోందంటే దాంతోపాటు ఆ ఇసుకా వస్తోంది. లాటరల్‌కి నలుపు రంగునిచ్చే కార్బన్ బ్లాక్‌ని చాలామంది అనుమానిస్తారు కానీ దానివల్ల అంత నష్టం లేదు. అసలు దోషి మట్టి.

మరి నైట్రైడ్ కంటే మెత్తనిదైన గాజు కూడా స్క్రూని ఎలా తింటుంది? 30 శాతం గాజున్న నైలాన్ అంటే కిలోకి 300 గ్రాముల గాజు. విరిగిన పీచు కొసలు సూదుల్లా ఉంటాయి, వందల బార్ల ఒత్తిడితో అవి లోహం మీద జారుతుంటాయి. పైపొర ఎక్కడైనా పలచబడితే లోపల ఉండేది 300 విక్కర్స్ చుట్టూ ఉన్న మెత్తటి ఉక్కే. దాన్ని గాజు సులువుగా గీరేస్తుంది.

దానాలో మట్టి ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. బకెట్‌లో నీళ్లు పోసి రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేయండి. ఒక దోసెడు రీగ్రైండ్ (స్క్రాప్‌ని గ్రైండర్‌లో వేసి తీసిన ముక్కలు) వేసి బాగా కలిపి పది నిమిషాలు వదిలేయండి. పాలిథీన్, పీపీ (పాలీప్రొపిలీన్) నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి. మట్టి, ఇసుక, ఇనప రజను అడుగుకి దిగుతాయి. తేలినదాన్ని తీసేసి, నీళ్లు వంచేసి, అడుగున మిగిలింది వేళ్ల మధ్య నలిపి చూడండి. గరగరమంటే అదే మీ స్క్రూని తినేది. పీవీసీకి ఈ పరీక్ష పనికిరాదు, అది నీటిలో మునుగుతుంది.

పీవీసీలో చూడాల్సింది ఫిల్లర్, అంటే ప్లాస్టిక్‌లో కలిపే సున్నపురాయి పొడి. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల అంతా సున్నపురాయి నేల. ఆ రాయిలోని కాల్షియం కార్బొనేట్ మెత్తటి ఖనిజం, దానంతట అది పెద్దగా హాని చేయదు. నాసిరకం పొడిలో కలిసి వచ్చే సిలికాతోనే ఇబ్బంది. గాజు గ్లాసులో చెంచాడు పొడి వేసి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, గాలి ఆడేచోట పలుచటి మురియాటిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా పోయండి. సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది, ఇసుక కరక్కుండా అడుగున నిలుస్తుంది. సప్లయర్‌ని మార్చాలా, స్క్రూని మార్చాలా అన్నది ఆ అడుగున మిగిలింది చూస్తే తెలుస్తుంది. ఎంత ఫిల్లర్ ఉందో అంకెల్లో కావాలంటే హైదరాబాద్ సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ) లాంటి చోట బూడిద శాతం పరీక్ష చేయించుకోవచ్చు.

పాత స్క్రూని చదవడం

కొత్తది ఆర్డర్ చేసే తొందరలో పాతదాన్ని మూలన పడేస్తారు. దయచేసి అలా చేయకండి. మీ మెషిన్ గురించి ఏ సేల్స్ మనిషికంటే అదే ఎక్కువ చెబుతుంది.

స్క్రూ తీయగానే వేడి ఆరకముందే ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయించండి. ఇనప బ్రష్, గ్యాస్ మంట రెండూ వద్దు. తర్వాత వీ బ్లాకుల మీద పెట్టి, ట్యూబులైటు కింద మెల్లగా తిప్పుతూ వెనక నుంచి ముందుకు చూసుకుంటూ రండి. ఫ్లైట్ (స్క్రూ చుట్టూ మెలిక తిరిగే మరగట్టు) అంచు మీద గోరు ఆనించి జరపండి. బాగున్న స్క్రూకి ఆ అంచు నిలువుగా గోటికి అడ్డుపడుతుంది. అరిగినదానికి ఒక పక్క గుండ్రంగా జారిపోతుంది, రెండో పక్క చెయ్యి కోసుకునేంత పదునుగా ఉంటుంది.

హాపర్ దగ్గర, ఫీడ్ భాగంలోనే గీతలు కనిపిస్తే గట్టి రేణువులు కరగని దానాతో కలిసి గీరుతున్నాయని అర్థం. అక్కడ ముందు చేయాల్సింది దానా శుభ్రం చేయడం, హాపర్‌లో అయస్కాంతం పెట్టడం. గాజు కలిసిన మెటీరియల్ అయితే బ్యారెల్‌లో హాపర్ వైపు ఉండే వెనక జోన్ వేడి కొంచెం పెంచడం కూడా పనిచేస్తుంది. ప్లాస్టిక్ త్వరగా కరిగి గాజుని చుట్టుకుంటే రాపిడి తగ్గుతుంది.

మధ్యలో, లోతు తగ్గుతూ వచ్చే కంప్రెషన్ భాగంలో ఫ్లైట్ పైభాగం అరిగితే, సగం కరిగిన దానా అక్కడ ఇరుక్కుని స్క్రూని బ్యారెల్‌కేసి నొక్కుతోందన్నమాట. ఆర్‌పీఎం ఎక్కువగా ఉందేమో, వెనక జోన్ చల్లగా ఉందేమో చూడాలి. ఇలాంటి చోట పూత మార్చినా సెట్టింగ్ మార్చకపోతే కొత్త స్క్రూ కూడా అదే చోట అరుగుతుంది.

ముందు భాగంలో చిన్న చిన్న గుంటలు, నల్లబడిన మచ్చలు ఉంటే అది ఆమ్లం పని. అరుగుదలంతా ఒక పక్కే ఉండి రెండో పక్క మెషినింగ్ గుర్తులు ఇంకా కనిపిస్తుంటే స్క్రూ వంగిందన్నమాట. ముందు దాన్ని సరిచేయండి, పూత గురించి తర్వాత ఆలోచించవచ్చు. స్క్రూ అంతా బాగానే ఉండి చెక్ రింగ్ (కరిగిన ప్లాస్టిక్ వెనక్కి పోకుండా స్క్రూ మొన దగ్గర ఆపే రింగు), దాని సీటు మాత్రం కాలువలు పడినట్టు కోసుకుపోయి ఉంటే అదృష్టమే. రింగు సెట్టు ఒక్కటి మారిస్తే చాలు, స్క్రూ జోలికి వెళ్లొద్దు. కుషన్ (ఇంజెక్షన్ చివర స్క్రూ ముందు మిగలాల్సిన ప్లాస్టిక్) నిలవడం లేదని, షార్ట్ షాట్లు (అచ్చు పూర్తిగా నిండని ఐటమ్‌లు) వస్తున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇక్కడే ఉంటుంది.

కొలత కూడా తీసుకోండి. రెండు ఫ్లైట్ల మీద ఒక చదునైన బిళ్ల పెట్టి మైక్రోమీటర్‌తో కొలిచి బిళ్ల మందం తీసేస్తే స్క్రూ వ్యాసం వస్తుంది. బ్యారెల్‌ని బోర్ గేజ్‌తో ప్రతి 100 మిల్లీమీటర్లకీ ఒకసారి కొలవాలి. 50 మిల్లీమీటర్ల స్క్రూకి కొత్తలో వ్యాసం లెక్కన సందు సుమారు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు ఉంటుంది. అది రెండు మూడు రెట్లయితే కరిగిన మెటీరియల్ వెనక్కి జారడం మొదలవుతుంది. "అన్నా, స్క్రూ తిరుగుతానే ఉంది గానీ వెనక్కి రావడంలేదు" అని ఆపరేటర్ అనేది అప్పుడే.

పూతల పోలిక

మామూలుగా మెషిన్‌తో వచ్చేది నైట్రైడింగ్ స్క్రూ. ఈఎన్ 41బీ లాంటి అల్యూమినియం, క్రోమియం ఉన్న ఉక్కుని 500 డిగ్రీల పైచిలుకు వేడిలో, అమ్మోనియా వాయువులో పదుల గంటలు ఉంచితే నైట్రోజన్ పైపొరలోకి ఇంకి గట్టిపడుతుంది. ఇది పైన అంటించే పూత కాదు కాబట్టి ఊడిపోదు. లోపల ఉక్కు మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది కాబట్టి స్క్రూ త్వరగా విరగదు. కరెంటు పోయి బ్యారెల్లో ప్లాస్టిక్ గడ్డకట్టాక తొందరపడి తిప్పినా తట్టుకునే అవకాశం దీనికే ఎక్కువ. (ఆ తొందర మాత్రం వద్దు. వేడి సెట్ పాయింటుకి చేరాక కూడా కనీసం అరగంట ఆగాలి.)

దీని బలహీనత లోతులో ఉంది. గట్టిపడిన పొర మొత్తం 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లు. అందులో నిజంగా గట్టిది పైనున్న 0.1, 0.2 మాత్రమే, లోపలికి పోయేకొద్దీ గట్టిదనం తగ్గుతుంది. "రెండేళ్లు నిక్షేపంగా నడిచింది, తర్వాత ఆర్నెల్లలో మొత్తం పోయింది" అని మన షెడ్లలో వినిపించే మాటకు కారణం ఇదే. పైపొర అయిపోయాక అరుగుదల ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. కొత్త దానాతో పీపీ, పాలిథీన్, ఏబీఎస్ నడిపేవాళ్లకి నైట్రైడింగ్ ఎంతైనా చాలు. వాళ్లకి బైమెటాలిక్ అమ్మేవాళ్లు అవసరం లేని సరుకు అంటగడుతున్నట్టే.

హార్డ్ క్రోమ్ మీద మన దగ్గర ఉన్న నమ్మకం దాని శక్తిని మించిపోయింది. మెరుపు చూసి మోజు పడతారు. క్రోమ్ పొర సాధారణంగా 25 నుంచి 50 మైక్రాన్లు, గట్టిదనం నైట్రైడింగ్‌కి దగ్గర దగ్గరగానే ఉంటుంది. నునుపుగా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ అతుక్కోదు, మాడి నల్ల చుక్కలు రావడం తగ్గుతుంది, శుభ్రం చేయడం తేలిక. పీవీసీకి దీన్ని వాడేది అందుకే. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి, క్రోమియాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కరిగిస్తుంది. పైగా హార్డ్ క్రోమ్‌లో కంటికి కనిపించని సన్నటి పగుళ్లుంటాయి, వాటిగుండా ఆమ్లం కింది ఉక్కుకి చేరి పొరని పెచ్చులుగా లేపుతుంది. పీవీసీని మాడనివ్వకుండా జాగ్రత్తగా నడిపేవాళ్లకి క్రోమ్ సరిపోతుంది. తరచూ మాడ్చేవాళ్లని అది కాపాడలేదు. మట్టి, గాజు ఉన్నచోట అసలు వేయించొద్దు, 30 మైక్రాన్లు అరగడానికి ఎంతోసేపు పట్టదు.

బైమెటాలిక్ అని మార్కెట్లో పిలిచే స్క్రూకి ఫ్లైట్ల పైభాగంలో నికెల్ లేదా కోబాల్ట్ మిశ్రమ లోహాన్ని ప్లాస్మా వెల్డింగ్‌తో పోస్తారు. స్టెలైట్, కోల్మొనాయ్ అనే పేర్లు వినే ఉంటారు. పొర మందం ఒక మిల్లీమీటరు, ఆపైన ఉంటుంది. ఇందులో గమనించాల్సింది ఉంది. స్టెలైట్ 6 గట్టిదనం రాక్‌వెల్ సి అనే మరో కొలతలో 40 చుట్టూనే, విక్కర్స్‌లోకి మార్చి చూస్తే నైట్రైడింగ్ కంటే తక్కువ. దాని గొప్పతనం వేరే చోట ఉంది. బ్యారెల్ గోడకు రాసుకున్నా అతుక్కుని పీక్కుపోదు, తుప్పుకి తట్టుకుంటుంది, ఆ గుణం పొర మందమంతా ఒకేలా ఉంటుంది. ఇసుక, గాజు ఉన్నచోట మాత్రం కోల్మొనాయ్ 83 లాంటి, టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులు కలిసిన రకం కావాలి. "బైమెటాలిక్ ఇస్తాం" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఏ మిశ్రమమో పేరు, నంబరు రాయించుకోవాలి. రెండు రకాల మధ్య పనిలో చాలా తేడా ఉంది.

ఫ్లైట్ల మీద మాత్రమే పోసిన పొరకి ఇంకో పరిమితి ఉంది. గాజు నైలాన్ నడిపేటప్పుడు ఫ్లైట్ పక్కలు, అడుగు భాగం కూడా అరుగుతాయి. గట్టి పొర కింద ఉన్న ఉక్కుని గాజు తొలిచేస్తే పైన పొర అలాగే ఉండి కింద ఆధారం పోతుంది, చివరికి ముక్కలుగా విరుగుతుంది. కింది ఉక్కుని కూడా నైట్రైడ్ చేస్తారా అని అడగాల్సింది అందుకే.

ఒళ్లంతా కాపాడేది హెచ్‌వీఓఎఫ్ టంగ్‌స్టన్ కార్బైడ్ పూత. ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి, ధ్వనివేగానికి మించిన మంటధారలో కార్బైడ్ పొడిని స్క్రూ మీదికి కొడతారు. పొర 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్లు, గట్టిదనం 1000 నుంచి 1300 విక్కర్స్. ఇసుక రేణువుని ఢీకొట్టగలిగే అంకె ఇక్కడ కనిపిస్తుంది. ఫ్లైటు, పక్కలు, అడుగు అన్నిటికీ పూత పడుతుంది. మన రీగ్రైండ్ పనికీ, గాజు పనికీ నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే.

కానీ ఇది అందరి చేతుల్లో నిలిచే వస్తువు కాదు. పదును అంచుల దగ్గర పెచ్చు లేస్తుంది కాబట్టి పూత వేయకముందే అంచులని కొంచెం గుండ్రంగా చేయాలి. లోతైన, ఇరుకైన కాలువల్లో స్ప్రే సరైన కోణంలో పడకపోతే పక్కల మీద పట్టు తగ్గుతుంది. స్క్రూ తీసేటప్పుడు సుత్తితో కొట్టే అలవాటున్న షెడ్డులో, గ్యాస్ మంటతో ప్లాస్టిక్ కాల్చే షెడ్డులో ఇది బతకదు. వంగితే ప్రెస్‌లో సరిచేయడం కుదరదు, పూత పగులుతుంది. పీవీసీకి వాడాలంటే ఉత్త కోబాల్ట్ బైండర్ (కార్బైడ్ రేణువుల్ని పట్టి ఉంచే లోహం) ఉన్నది వద్దు, కోబాల్ట్‌ని ఆమ్లం తింటుంది. కోబాల్ట్‌తో క్రోమియం కలిపినదో, నికెల్ క్రోమియం బైండరో అడగండి.

పీవీడీ (వాక్యూమ్‌లో ఆవిరి రూపంలో వేసే) పూతలు బంగారు రంగులోనో వెండి రంగులోనో చూడముచ్చటగా ఉంటాయి. టైటానియం నైట్రైడ్ గట్టిదనం 2000 విక్కర్స్ దాటుతుంది, అంకె చూసి చాలామంది పడిపోతారు. మందం మాత్రం 2 నుంచి 5 మైక్రాన్లే. మెత్తటి ఉక్కు మీద దీన్ని వేయడం మెత్తటి నేల మీద గాజు పలక పరిచినట్టే, బరువు పడగానే పగులుతుంది. పాలీకార్బొనేట్, అక్రిలిక్ లాంటి పారదర్శక ఐటమ్‌లలో నల్ల చుక్కల బెడద ఉన్నవాళ్లకి, అది కూడా ముందే గట్టిపరిచిన స్క్రూ మీద అయితే, ఇది చక్కగా పనిచేస్తుంది. మన పనులకి దీని అవసరం అరుదు.

పూత జోలికే పోకుండా స్క్రూ మొత్తాన్ని గట్టి టూల్ స్టీల్‌తో చేయించే దారి కూడా ఉంది. డీ2 రకం ఉక్కు రాక్‌వెల్ సి 58 నుంచి 60 దాకా గట్టిపడుతుంది, ఎంత అరిగినా లోపల అదే గట్టిదనం. వెనేడియం ఎక్కువున్న పౌడర్ మెటలర్జీ ఉక్కులు ఇంకా మేలు. గాజు పనికి ఇవి మంచి స్క్రూలే. ధర ఎక్కువ, సన్నటి స్క్రూల్లో విరిగే భయం ఉంది. చల్లగా ఉన్నప్పుడు తిప్పే ఆపరేటర్ ఉంటే పెట్టకండి.

బ్యారెల్‌ని మరిచిపోతే

స్క్రూ ఒక్కటే మార్చి బ్యారెల్ సంగతి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. కార్బైడ్ పూత వేసిన స్క్రూని నైట్రైడింగ్ బ్యారెల్లో పెడితే స్క్రూ బాగానే ఉంటుంది, బ్యారెల్ పోతుంది. బ్యారెల్ ఖరీదు స్క్రూ కంటే ఎక్కువే అవుతుంది కాబట్టి కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. గట్టి స్క్రూకి లోపల మిశ్రమ లోహం పోతపోసిన బైమెటాలిక్ బ్యారెల్ జోడీ కావాలి. రాపిడి పనికి ఇనుము-బోరాన్ లైనింగ్ చాలు. రాపిడితోపాటు ఆమ్లం కూడా ఉంటే నికెల్ ప్రధానంగా ఉన్నది, గాజు 30 శాతం, ఆపైన ఉంటే అందులో టంగ్‌స్టన్ కార్బైడ్ కలిసినది తీసుకోవాలి.

పాత బ్యారెల్ ఇప్పటికే అరిగి వెడల్పైపోయి ఉంటే, డ్రాయింగ్ కొలతకి చేసిన కొత్త స్క్రూ మొదటి రోజునుంచే సందుతో నడుస్తుంది. అందుకే ఆర్డరుకి ముందు బ్యారెల్ కొలవమని గట్టిగా చెబుతున్నాను. కొలతని బట్టి స్క్రూని కొంచెం పెద్దది చేయించాలో, బ్యారెల్‌కి కొత్త స్లీవ్ వేయించాలో తేల్చుకోవచ్చు. చెక్ రింగ్, సీటు, మొన కూడా అదే స్థాయి లోహంతో ఉండాలి.

మీ పనికి ఏది?

కొత్త దానాతో డ్రిప్ ఫిట్టింగులు తీసేవాళ్లు నైట్రైడింగ్‌తోనే ఉండండి. ఆదా అయిన డబ్బు మంచి చెక్ రింగ్ మీద పెట్టండి.

రీగ్రైండ్ సగానికి పైగా వాడేవాళ్లు ముందు కడిగే ట్యాంకు మీద ఖర్చు పెట్టాలి. నీటిలో తేల్చి తీసే పెద్ద తొట్టి, హాపర్‌లో అయస్కాంతం, ఈ రెండూ ఏ పూతకంటే చవక. అవి పెట్టాక కూడా బకెట్ అడుగున గరగర మిగులుతుంటే కార్బైడ్ కలిసిన బైమెటాలిక్ స్క్రూ, బైమెటాలిక్ బ్యారెల్ జోడీకి పోండి. ఆపరేటర్లు కుదురైనవాళ్లయితే హెచ్‌వీఓఎఫ్ ఇంకా మేలు.

పీవీసీ ఎల్బోలు, టీలు తీసేవాళ్లకి సాధారణంగా చెక్ రింగ్ లేని సాదా మొన స్క్రూ ఉంటుంది. రింగు దగ్గర మెటీరియల్ నిలిచి మాడకుండా అలా చేస్తారు. ఫిల్లర్ మంచిదైతే, మెషిన్ జాగ్రత్తగా నడిస్తే క్రోమ్ చాలు. క్రోమ్ పదే పదే పెచ్చులూడుతుంటే స్టెయిన్‌లెస్ రకం ఉక్కుతో చేసిన స్క్రూ, నికెల్ లైనింగ్ బ్యారెల్ అడగండి. ఏ పూత ఉన్నా మెషిన్ ఆపేముందు పీపీతోనో పాలిథీన్‌తోనో పర్జ్ చేసి (లోపలి పీవీసీని బయటికి నెట్టేసి) తీరాలి, రాత్రంతా పీవీసీని వేడి బ్యారెల్లో వదిలేస్తే ఏ లోహమూ నిలవదు. ఇంకొక మాట, ప్రాణాలకి సంబంధించింది: అసిటాల్, అంటే స్ప్రింక్లర్ నాజిళ్లకి వాడే పీఓఎం, పీవీసీతో ఒకే బ్యారెల్లో ఎప్పుడూ కలవకూడదు. పీవీసీ వదిలే ఆమ్లం తగిలితే పీఓఎం చాలా వేగంగా విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ వాయువు తన్నుకొస్తుంది, నాజిల్ నుంచి పేలినట్టు చిమ్ముతుంది.

గాజు నైలాన్, గాజు పీపీ తీసేవాళ్లు నైట్రైడింగ్ గురించి ఆలోచించనే వద్దు. పూర్తి ఒంటికి కార్బైడ్ పూతో, టూల్ స్టీల్ స్క్రూనో, దాంతోపాటు కార్బైడ్ లైనింగ్ బ్యారెలో తీసుకోవాలి. కార్ల కంపెనీలకి సరఫరా చేసే పనిలో షాట్ బరువు (ఒక్కసారి అచ్చులోకి వెళ్లే ప్లాస్టిక్ బరువు) మారితే లాటు మొత్తం వెనక్కి వస్తుంది, ఆ నష్టం ముందు స్క్రూ ధర చిన్నది.

లెక్క వేసే పద్ధతి

ఊహకి అందడానికి కొన్ని అంకెలు అనుకుందాం. నైట్రైడింగ్ స్క్రూ లక్ష రూపాయలు, మట్టి కలిసిన రీగ్రైండ్‌తో 8 నెలలు వస్తుంది. నెలకి 12,500 పడింది. గట్టి పూత స్క్రూ రెండున్నర లక్షలు, అదే పనిలో 30 నెలలు వస్తే నెలకి 8,333. పైగా ఆ 30 నెలల్లో మొదటిదానికి మూడుసార్లు మెషిన్ విప్పాలి, ప్రతిసారీ రోజుల తరబడి ఉత్పత్తి ఆగుతుంది. అదే కొత్త దానాతో నైట్రైడింగ్ స్క్రూ అయిదేళ్లు వస్తుందనుకోండి, నెలకి 1,667 మాత్రమే. దానితో సమానం కావాలంటే రెండున్నర లక్షల స్క్రూ పన్నెండున్నరేళ్లు నడవాలి. మీ సొంత అంకెలు పెట్టి ఈ లెక్క వేయండి. అందుకు పాత స్క్రూ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అన్న తేదీలు కావాలి, అవి చాలా షెడ్లలో ఉండవు. ఇప్పటినుంచైనా మెషిన్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీయండి.

కొటేషన్ అడిగేటప్పుడు ఫోన్లో కుదరదు, కాగితం మీద రాయించుకోవాలి: కింది ఉక్కు గ్రేడు, పూత లేదా మిశ్రమం పేరు, గ్రైండింగ్ అయ్యాక మిగిలే మందం, గట్టిదనం ఏ కొలతలో ఎంత, పూత ఫ్లైట్ల మీదేనా ఒళ్లంతానా, రింగు సెట్టు దేనితో చేస్తారు. నైట్రైడింగ్ అయితే పొర లోతు కూడా. పోర్టబుల్ హార్డ్‌నెస్ మీటర్‌తో పలుచటి పూత మీద చూపించే రీడింగ్‌ని నమ్మకండి, ఆ దెబ్బ పూతని దాటి కింది ఉక్కు గట్టిదనం చూపిస్తుంది. అదే బ్యాచ్‌లో పూత వేసిన చిన్న శాంపిల్ ముక్కని కోసి కొలిచిన రిపోర్టు అడగండి. మంచి పనివాడు ఈ ప్రశ్నలకి విసుక్కోడు, "మీ దానా ఏంటి సార్?" అని తిరిగి అడుగుతాడు. అలా అడిగినవాడి దగ్గర కొనండి, రేటు కొంచెం ఎక్కువైనా సరే.

స్క్రూ వచ్చాక బిగించకముందే మైక్రోమీటర్‌తో వ్యాసం కొలిచి రాసుకోండి. ఖాళీ బ్యారెల్లో తిప్పొద్దు. మొదటి రోజు శుభ్రమైన కొత్త పాలిథీన్‌తో తక్కువ ఆర్‌పీఎంలో నడిపి, తర్వాతే రోజువారీ మెటీరియల్ పోయండి. మూడు నెలలకి ఒకసారి తీసి కొలిస్తే, రెండో కొలతకే ఈ పూత మీ దానాని ఎన్నాళ్లు తట్టుకుంటుందో అంచనా దొరుకుతుంది. తర్వాతి స్క్రూ ఎప్పుడు ఆర్డర్ పెట్టాలో మెషిన్ ఆగకముందే తెలిసిపోతుంది.